ఆచార్య నాగార్జునుడును మృత్యుచింతయు

శ్రీపర్వతమనగానే జూపాడు బంగ్లా, నందికొట్కూరు, ఆత్మకూరు ప్రాంతములవారికి మల్లికార్జునుని శ్రీశైలమే తలపునకు వచ్చును. అది న్యాయమే. పురాణములందు ఆ క్షేత్రమున కా పేరు ప్రసిద్ధము. కాని అదే కృష్ణానది శ్రీశైలమును దాటి, నల్లమల కొండల నడుమ దిగువకు సాగి, మైదానమును చేరబోవు తావున మఱియొక శ్రీపర్వతము గలదు. క్రీస్తు తరువాత 3వ శతాబ్దిలో ఇక్ష్వాకు రాజుల కాలపు శాసనము విజయపురికి తూర్పుదిక్కున నున్న బౌద్ధవిహారమును శ్రీపర్వతముపై నున్నదిగా పేర్కొన్నది. నేడు ఆ చోటును నాగార్జునకొండ యందురు. పోతిరెడ్డిపాడు తూములలోనికి మలుపబడక నదిలో మిగిలిన నీరు ఆ కొండను తాకియే సముద్రమునకు పోవలెను. ఆ కొండకు పేరిచ్చిన ఆచార్యుని కథ నేడు మా ప్రస్తావము.

జరను, వ్యాధిని, మరణమును చూచి సిద్ధార్థుడు ఇల్లు విడిచెనని చిన్నబిడ్డలును ఎఱుగుదురు. ఆ మూటికి ఆయన కనుగొన్న మందు సర్వము త్యజించిన భిక్షువులకే గాని, మడిమాన్యములు, కొడుకులు కోడండ్రు, అప్పులు పద్దులు గల గృహస్థులకు పనికిరాదని తలచువారు మనలో పలువురు గలరు. బౌద్ధము నిరాశామతమని ఒక్క మాటతో కొట్టివేయువారును గలరు. ఈ రెండు తలంపులకును సమాధానము నాగార్జునుని చరిత్రమందును, ఆయన రాజు నుద్దేశించి వ్రాసిన రెండు గ్రంథములందును దొరకును. ఇది పాతరాళ్లను త్రవ్వుకొనువారికి మాత్రమే సంబంధించిన విషయము కాదు. వైద్యము పెరిగినకొలది మన యిండ్లలో మంచము పట్టిన పెద్దల సంఖ్యయు, వారు మంచమున గడపు కాలమును పెరిగినవి. ఆ కాలమును ఎట్లు గడపవలెనో వారికిగాని, వారి బిడ్డలకుగాని చెప్పువారు తగ్గిరి.

నాగార్జునుడు క్రీస్తు తరువాత 150 మొదలు 250 వఱకు గల కాలమున నుండెనని విద్వాంసులు సాధారణముగా నిర్ణయింతురు. ఆయన చరిత్రలు మూడు ముఖ్యములు. 5వ శతాబ్ది ఆరంభమున చైనాదేశమునకు పోయి గ్రంథములు తెనిగించినట్లు చైనాభాషలోనికి మార్చిన కుమారజీవుని పేర ఒకటి నిలిచియున్నది. 7వ శతాబ్దిలో మన దేశమంతయు తిరిగి, ధాన్యకటకమునకును వచ్చిన హ్యుయాన్ త్సాంగు విన్న కథలు రెండవవి. టిబెట్టులో 1322వ సంవత్సరమున బుస్తోను వ్రాసిన ధర్మచరిత్ర మూడవది. మూడును ఒకదానితో నొకటి పొసగవు. ఒకరు దక్షిణదేశపు బ్రాహ్మణకుటుంబమున పుట్టెనందురు, మఱొకరు విదర్భయందురు. జగ్గయ్యపేటలో దొరికిన బుద్ధవిగ్రహముమీది శాసనమొకటి భదంత నాగార్జునాచార్యుని, ఆయన శిష్యుడైన జయప్రభాచార్యుని, ఆతని శిష్యుడైన చంద్రప్రభుని పేర్కొన్నది. తెలుగుదేశము ఆయనను మఱవలేదనుటకు ఆ ఱాయి సాక్షి. ఇక ఆయన అంతరంగమును తెలిసికొనుటకు చరిత్రకంటె ఐతిహ్యమే మనకు ఎక్కువ తోడ్పడుననుట మా అభిప్రాయము. జనులు ఒక మనుష్యునిగూర్చి ఎట్టి కథలు కట్టుదురో దానినిబట్టి ఆతడు వారికి ఏమి నేర్పెనో తెలియును.

టిబెట్టువారి కథ యిట్లున్నది. చిరకాలము సంతానము లేని బ్రాహ్మణునకు లేక లేక ఒక కొడుకు పుట్టెను. జాతకము చూచినవారు ఈ శిశువునకు ఆయువు ఏడుదినములే యనిరి. దానధర్మములు చేసి, భిక్షువులకు సంతర్పణము జరిపినచో ఏడేండ్లకు పొడిగింపవచ్చుననిరి. తండ్రి అట్లే చేసెను. కాని ఏడవయేడు సమీపించుచుండగా తలిదండ్రుల గుండె జారెను. కన్నకొడుకు శవమును కన్నులతో చూడజాలక, ఒక సేవకుని తోడిచ్చి బాలుని దేశాటనమునకు పంపివేసిరి.

ఈ తలిదండ్రులను నిందింప మాకు నోరు రాదు. ఐనను వారు చేసినదేమో చూడుడు. చావును ఆపలేమని తెలిసినపిదప, దానిని చూడకుండ నుండుటయే వారికి తోచిన ఉపాయము. మన పల్లెలలోను, పట్టణములలోను నేడు జరుగుచున్నది ఇంతకంటె వేఱా? ముసలివాని మంచము నడుమయింటినుండి వసారాలోనికి, వసారానుండి ఆసుపత్రికి పోవును. రోగము కుదురునది కాదని ఇంటివారందఱికిని తెలియును, ఆతనికిని తెలియును. అయినను ఎవ్వరును నోరు విప్పరు. రేపో ఎల్లుండియో లేచి తిరుగుదువు తాతా యని మనుమడు చెప్పును; ఔను నాయనా యని తాత నవ్వును. ఇరువురును ఒకరినొకరు కాపాడుచున్నామనుకొని ఒంటరులై పోవుదురు. ఆ బ్రాహ్మణదంపతులు కొడుకును కట్టెదుట నుంచుకొనలేక దారిని పెట్టిరి. మనము కట్టెదుట నుంచుకొనియే దారిని పెట్టుచున్నాము.

బాలుడు నడచి నడచి నలందను చేరెనట. అచ్చట నొక ఆచార్యుడు ఆతని కథ విని, పాఱిపొమ్మనలేదు, భయపడవలదనియు పొట్టిమాటతో త్రోసిపుచ్చలేదు. ఆయువు తీఱు రాత్రియంతయు నిద్రపోక జపధ్యానములు చేయుమని కూర్చుండబెట్టెను. తెల్లవాఱెను, బాలుడు బ్రదికియుండెను. జపమువలన మృత్యువు తొలగినదని కథకుల విశ్వాసము. జరిగినను జరుగకున్నను, ఏడేండ్ల బిడ్డ తన చావును ఎదురుగా పెట్టుకొని ఒక రాత్రి మేలుకొని కూర్చుండెనను చిత్రము మాత్రము ఆ ఆచార్యుని తత్త్వమునకు సరిగా సరిపోవుచున్నది.

కుమారజీవుని పేర నున్న కథ వేఱుదారి పట్టినది. దానియందు నాగార్జునుడు బాల్యముననే వేదములు నేర్చిన మేధావి. యౌవనమదమున ముగ్గురు మిత్రులతో కలిసి, కంటిఱెప్పలకు పూసికొన్నచో మనిషి కనబడకుండపోవు ఔషధమును సంపాదించెను. వాసనచూచి దానిలోని డెబ్బదిదాక వస్తువులను, వాని పాళ్లను చెప్పగలిగెనని కథ. ఇట్టి శిష్యుని చూచి మందు ఇచ్చినవాడే నివ్వెఱపడెను. నలుగురును రాజాంతఃపురమున జొఱబడి అకృత్యములు చేసిరి. మంత్రి యొకడు ద్వారములయొద్ద సన్నని దుమ్ము చల్లించెను. అడుగుజాడలు పడగానే తలుపులు మూసి, భటులచే గాలిలో కత్తులు త్రిప్పించిరి. ముగ్గురు స్నేహితులు తునకలైరి. రాజునకు సమీపమున కత్తి దూయరాదు గనుక నాగార్జునుడు ఊపిరి బిగబట్టి రాజు ప్రక్కనే నిలిచి బ్రదికెను. సుఖాపేక్షయే దుఃఖమునకు మొదలని ఆ క్షణమున తెలిసికొని, బయటపడినచో సన్న్యసింతునని ఒట్టుపెట్టుకొనెను. కొండలలోని ఒక స్తూపమునకు పోయి భిక్షువయ్యెను. తొంబది దినములలో త్రిపిటకము చదివి ముగించెను.

రెండు కథలును పుక్కిటిపురాణములే కావచ్చును. రెండింటను నాగార్జునుని చదువు చావు ముంగిట మొదలైనది. శాంతము ఆయనకు పుట్టుకతో వచ్చిన గుణమని ఎవ్వరును చెప్పలేదు.

ఆయన గ్రంథములలో తలమానికమైన మూలమధ్యమకకారిక ఇరువదియేడు ప్రకరణముల గ్రంథము. నన్నూట యేబదికి చేరువ శ్లోకములు. దాని తర్కము కఠినము; పత్రికాపుటలో ఇమిడించుట సాహసము. పదునొకండవ ప్రకరణము మాత్రము మన విషయమునకు చెందినది కావున రెండుమాటలు చెప్పవలెను. ముందు పుట్టుక, పిదప ముసలితనము, తుదకు చావు అని మనము వరుస పెట్టుదుము. ఆచార్యుడు ఆ వరుసనే ప్రశ్నించెను. పుట్టుక ముందు, జరామరణములు తరువాత వచ్చునవైనచో, వానితో పొత్తులేని పుట్టుక యొకటి యుండవలెను. అట్టిది ఎచ్చటను లేదు. చావు ముందనుకొందమా, పుట్టనివాడు చచ్చుట అసంభవము. రెండును ఒక్కసారియే యందుమా, పుట్టుచున్నవాడే చచ్చుచున్నవాడు కావలసివచ్చును. కావున వీనిని వేర్వేఱు వస్తువులుగా పట్టుకొని చూపుట సాధ్యము కాదు. మా కర్థమైనంతవఱకు దీని ఫలమేమన, ఇచట మనము, దూరమున మనకొఱకు కాచుకొనియున్న మృత్యువు అను రెండు స్థిరమైన వస్తువులు లేవు. భయము ఆ రెండింటి నడుమ మనము గీచిన గీతమీద నిలిచియున్నది.

పండితులకు తర్కము చాలును. ఏలికకు, గృహస్థునకు అది చాలదని ఆయన యెఱుగును. అందుచేతనే సుహృల్లేఖ పుట్టినది. పేరులోనే యున్నట్లు ఇది మిత్రునకు వ్రాసిన ఉత్తరము. నూటయిరువదికి పైబడిన శ్లోకములు. అందుకొన్నవాడు శాతవాహనరాజని సంప్రదాయము. యజ్ఞశ్రీ శాతకర్ణి యని కొందఱి యూహ. సంస్కృతమూలము నశించినది, టిబెట్టు, చైనా భాషానువాదములలో బ్రదికినది. 7వ శతాబ్ది చివర మన దేశమున చదువుకొన్న ఇత్సింగు, విద్యార్థులు చదువు మొదటిలోనే ఈ లేఖను వల్లించుచుండిరని వ్రాసియున్నాడు. మన తెలుగు రాజు పేర వచ్చిన ఉత్తరమును చైనావాడు కాపాడియుంచగా మనము మఱచుట విచారకరము.

ఆ లేఖలో ఆచార్యుడు రాజును అడవికి రమ్మనలేదు. రాజ్యము చేయుచునే, భార్యాబిడ్డలతో నుండియే చేయదగిన అభ్యాసము చెప్పెను. ఆహారమును మందువలె కొలతతో తినుమనెను. పగలెల్ల పనిచేసి, రాత్రి మొదటి జామును చివరి జామును వ్యర్థపుచ్చక, నడిమి జామున స్మృతి తప్పక నిదురింపుమనెను. లాభనష్టములను, సుఖదుఃఖములను, కీర్త్యపకీర్తులను, నిందాస్తుతులను సమముగా చూడుమనెను. నాగులకు పడగలెన్నియో తలనొప్పులన్నియే యనునట్లు, సంపద పెరిగినకొలది బాధయు పెరుగునని హెచ్చరించెను. భూవసతి గల మన చదువరులలో ఈ పోలిక ఎఱుగనివారుండరు. ఎన్ని సర్వేనంబరులో అన్ని వ్యాజ్యములు.

మరణచింత ఈ లేఖకు గుండెకాయ. నీటిబుడగ గాలికి తగిలి ఎంతసేపు నిలుచునో మన ఆయువును అంతకంటె ఎక్కువ నమ్మదగినది కాదని చెప్పి, విడిచిన ఊపిరిని మరల పీల్చుటయు, నిద్రించినవాడు మేలుకొనుటయు గొప్ప వింతలని ఆచార్యుడు రాజునకు జ్ఞాపకము చేసెను. ఇది భయపెట్టుటకు చెప్పినది కాదు. బౌద్ధులు మరణస్మృతియని పిలుచు సాధన యిది. దీనికి గుడియు, ధనమును, తీఱికయు అక్కఱలేదు. లోనికి పోయిన ఊపిరి బయటికి రాకపోవచ్చునని, బయటికి వచ్చినది లోనికి పోకపోవచ్చునని దినమునకు కొన్నిమారులు నెమ్మదిగా తలచుటయే. మొదట గుండె దడదడలాడును. అలవాటైనకొలది ఆ తలపు మొఱటుదనము పోయి, చేతనున్న దినము విలువ తెలియును. యౌవనమున ఇది నేర్చినవానికి వార్ధక్యమున వచ్చు వార్త క్రొత్తవార్త కాదు. డెబ్బదియవయేట మంచము పట్టినపిమ్మట హఠాత్తుగా నేర్తుమనుకొనుట, ఇల్లు అంటుకొన్నపిదప బావి త్రవ్వుటయే.

ఇంతటితో నిలిచియున్నచో ఆచార్యుడు మంచి వేదాంతి యగును. అంతకుమించి ఏమియు లేదు. ఆయన ఘనత రత్నావళిలో నున్నది. అయిదు ప్రకరణముల ఈ గ్రంథపు సంస్కృతభాగములను నేపాళపు ప్రతినుండి ఇటలీ పండితుడు తుచ్చి 1934, 1936 సంవత్సరములలో ప్రకటించెను. ఇందును రాజునకు చావు మాటయే చెప్పెను గాని, దానినుండి తీసిన ఫలము వేఱు. మృత్యుకారణముల నడుమ గాలిలోని దీపమువలె నున్నావు; నీ యనంతరము నీ ధనమంతయు క్రొత్త ఏలికకు పోవును; నీ మంత్రులు ఆతని ముఖము చూతురేగాని నీవు తలపెట్టిన ధర్మకార్యమును సాగింపరు; కావున చేయదలచినది నీ చేతులతో నిప్పుడే చేయుము అని దాని సారాంశము.

చేయవలసినవేమో ఆయన పేరుపేరున చెప్పెను. ఇచట ఆచార్యుని కలము గ్రామకరణము చిట్టావలె నడచును. నీరులేని బాటలలో తొట్లు కట్టింపవలెను. ఊళ్లలో సత్రములు నిలుపవలెను. ఆ సత్రములలో చెప్పులు, గొడుగులు, నీరు వడియగట్టు గుడ్డలు, ముల్లు తీయు పట్టుకారులు, సూదులు, దారము, విసనకఱ్ఱలు ఉంచవలెను. నీటితావులలో త్రిఫలములు, నెయ్యి, తేనె, కంటిమందు, విషమునకు విరుగుడు ఉంచవలెను. రోగులను, దిక్కులేనివారిని, దీనులను దయతో పోషింపవలెను. పంట పోయిన రైతునకు విత్తనములు, తిండిగింజలు ఇచ్చి పన్ను తగ్గింపవలెను. చెఱసాలలోని వారిని విడిచిపెట్టులోపల మంగలిని, స్నానమును, అన్నపానములను, మందును, బట్టను వారికి కలుగజేయవలెను. చీమలపుట్టల మొదట గింజలు, నీరు, బెల్లము పెట్టించుటయు ఆయన మఱవలేదు. ముల్లు తీయు పట్టుకారు జ్ఞాపకముంచుకొన్న వేదాంతి మఱియొకడు మాకు తెలియడు.

దీనికి పూర్వరంగము మన కర్నూలు సీమలోనే యున్నది. పత్తికొండ దారిలోని ఎఱ్ఱగుడి బండలమీద అశోకుడు, నాగార్జునునికి నాలుగువందల యేండ్లకు పైబడి ముందుగా, మనుష్యులకును పశువులకును వైద్యము, మూలికల చెట్లు, బావులు కల్పించితినని చెక్కించెను. రాజు ఱాతిపై వ్రాసినదానిని ఆచార్యుడు మరణచింతతో ముడివేసెను. తన చావును నిత్యము చూచువానికి ఎదుటివాని ముసలితనమును రోగమును కంటబడును. చూడనొల్లనివాడు వానినుండియు మొగము త్రిప్పుకొనును. బాధపడువాని మంచము ప్రక్కన కూర్చుండగల ధైర్యము, తన మంచమున పడుకొనగల ధైర్యము ఒక్కటియే. మన భూస్వాములలో ఎందఱో పెద్దలు పంపకముల మాట బ్రదికియుండగా ఎత్తనీయరు. ఎత్తినవానిని తమ చావు కోరువానిగా చూతురు. వారు పోయిన పదునొకండవనాడు మొదలైన తగవు మనుమల తరమునకును తీఱదు. దినకర్మలకు వేలు లక్షలు వెచ్చించి, బ్రదికియున్నపుడు కంటిపొర తీయింపని కొడుకులును గలరు. రత్నావళి చదివినచో ఈ రెండు తెగలవారికిని ఒకే రోగమని తోచును.

ఇచట ఒక విపరీతము చెప్పక తీఱదు. చావును సూటిగా చూడుమన్న ఈ మహనీయునకే లోకము రససిద్ధుడని, బంగారము చేసెనని, చావులేని మందు కనుగొనెనని పేరు పెట్టినది. 1030 ప్రాంతమున వ్రాసిన అల్‌బెరూనీ, తనకు ఇంచుమించు నూఱేండ్లు ముందున్న రసవాది నాగార్జునుని, సోమనాథ సమీపవాసిని పేర్కొన్నాడు. ఆతడు వేఱొకడై యుండవలెను. పేరు కలిసినంతమాత్రమున కథలు కలిసిపోయినవి. జనులకు మరణస్మృతికంటె అమృతగుళిక ఇష్టమగుట సహజమే.

హ్యుయాన్ త్సాంగు విన్న మరణకథలో ఆ గుళికయే యున్నది. ఆచార్యుని ఔషధమువలన రాజునకు ఆయువు పెరిగినది. ఆచార్యుడు బ్రదికినంతకాలము రాజునకు చావులేదు. సింహాసనమునకై వేచి వేచి విసిగిన రాజకుమారుడు, తల్లి చెప్పిన ఉపాయముమేర, ఆచార్యునియొద్దకు పోయి ఆయన శిరస్సును దానమడిగెను. బోధిసత్త్వుడు అడిగినవానికి దేహమునైన ఇచ్చునందురుగదా యని ఆతని వాదము. ఆచార్యునకు కోపము రాలేదు. తన దేహమునకై చింతలేదుగాని, తాను పోయిన నీ తండ్రియు పోవునే, ఆలోచించుకొమ్మని మాత్రము హెచ్చరించెను. కుమారుడు మాఱలేదు. ఎండిన గడ్డిపరకతో ఆచార్యుడు తన మెడను తానే కోసికొనెను. కత్తివ్రేటువలె తల వేఱుపడెను. ఆ వార్త విని రాజును మరణించెను. గడ్డిపరకను మేము నమ్మము. తండ్రి ఆయువు తీఱుటకై ఎదురుచూచు కొడుకును నమ్ముటకు మాత్రము చరిత్రకారుని సాక్ష్యము అక్కఱలేదు.

ఆయన నడచెనని చెప్పుకొను చోటు నేడు ఎట్లున్నదో చదువరులు ఎఱుగుదురు. 1926లో నాగార్జునకొండలోయ శిథిలములు పురాతత్త్వశాఖ కంటబడినవి. 1955 డిసెంబరు 10న ఆనకట్టకు శంకుస్థాపనము జరిగెను. 1954 మొదలు 1960 వఱకు లోయనెల్ల త్రవ్వి, తీయగలిగినవానిని తీసి, కొన్నిటిని కొండనెత్తమునను, అనుపులోను మరల నిలిపిరి. మిగిలినది నీటి అడుగున నున్నది. కొండ ద్వీపమైనది. 1981 ప్రాంతమున శ్రీశైలపు జలాశయము క్రింద ఊళ్లు పోగొట్టుకొన్న మనవారికి దీనిని వర్ణించి చెప్పనక్కఱలేదు. వేసవిలో నీరు తగ్గినపుడు సంగమేశ్వరమున గుడి బయటపడగా, ముసలివారు బురదలో నడచి చూడబోవుట నేటికిని కలదు.

కుమారజీవుని పేర నున్న చరిత్రలో ఆచార్యుని తుది మఱియొక విధముగా నున్నది. మా మనసునకు అదియే ఎక్కువగా పట్టినది. అందు కత్తియు, గడ్డిపరకయు, రాజకుమారుడును లేరు. హీనయానమునకు చెందిన పండితుడొకడు ఆచార్యునిమీద చిరకాలమునుండి కినుక వహించియుండెను. తాను వెడలు కాలము సమీపించినదని తెలిసిన ఆచార్యుడు ఆతని నడిగెను, నేనింకను చాలకాలము ఈ లోకమున నుండుట నీ కిష్టమేనా యని. ఆతడు దాచుకొనక, నిజముగా ఇష్టము లేదనెను. ఆచార్యుడు వాదింపలేదు. లేచి, ఒక నిశ్శబ్దమైన గదిలోనికి పోయి తలుపు వేసికొనెను. దినములు గడచినను తెఱవలేదు. శిష్యులు తలుపు పగులగొట్టి చూడగా, పురుగు పైపొరను విడిచి ఎగిరిపోయినట్లు ఆయన వెడలిపోయియుండెను. ఆయన పోయి నూఱేండ్లు దాటినదనియు, దక్షిణదేశపు రాజ్యములందు ఆయనకు గుళ్లుకట్టి బుద్ధునివలె కొలుచుచున్నారనియు ఆ చరిత్రకారుడు వ్రాసి ముగించెను.